రాయి రాయి పేర్చే చదువు

రాతినీ గాజునూ వేలిగోరంత ముక్కలుగా కొట్టి, సున్నం మీదో సిమెంటు మీదో ఒకదాని పక్కన ఒకటి పేర్చి బొమ్మ తేల్చే పని మొజాయిక్. తెలుగు ఇళ్లలో ఈ మాట వేరే అర్థంలో స్థిరపడింది. గ్రానైటూ విట్రిఫైడ్ టైల్సూ రాకముందు కట్టిన ఇళ్లలో ‘మొజాయిక్ గచ్చు’ అంటే, చలువరాతి చిప్స్‌ను సిమెంటులో కలిపి పరిచి, గట్టిపడ్డాక నీళ్లు పోస్తూ మిషన్‌తో అరగదీసి పాలిష్ పట్టిన నేల. బయటి దేశాల్లో దాన్ని టెరాజో అంటారు. అసలు మొజాయిక్‌కు అది తోబుట్టువు. రెండింటిదీ ఒకే రాయి. గచ్చులో ముక్క పడ్డచోట పడుతుంది, మొజాయిక్‌లో ప్రతి ముక్కకూ దాని చోటు ఉంటుంది.

ఈ రెండు పనులనూ ఒకే కప్పు కింద నేర్పే బడి ఇటలీ ఈశాన్య మూలన, ఫ్రియులి ప్రాంతంలోని స్పిలింబెర్గో అనే చిన్న ఊళ్లో ఉంది. దాని పేరు ‘స్కువోలా మొజాయిచిస్తి దెల్ ఫ్రియులి’, అంటే ఫ్రియులి మొజాయిక్ పనివాళ్ల బడి. 1922లో మొదలైంది. మూడేళ్ల చదువు. మొజాయిక్‌ను తరగతిలో కూర్చుని నేర్చుకోవడమంటే ఏమిటో, ఏది ముందు, ఏది తర్వాతో తెలుసుకోవాలంటే ముందుగా చూడాల్సిన చోటు ఇదే.

ఇంత చిన్న ఊరికి అలాంటి బడి రావడానికి కారణం ఏరు. పక్కనే తల్యమెంతో నది పారుతుంది. ఆల్ప్స్ కొండల నుంచి దిగే ఈ నదిలో ఏడాదిలో చాలా రోజులు నీళ్లకంటే రాళ్లే ఎక్కువ కనిపిస్తాయి. పాయలు పాయలుగా చీలిన నీటి మధ్య తెలుపు, బూడిద, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ గులకరాళ్లు మేటలు వేసి ఉంటాయి. పొలం చాలని కుటుంబాల మగవాళ్లు ఈ రాళ్ల గుణం తెలిసినవాళ్లు. వాళ్లు వెనిస్ నగరానికి పోయి, అక్కడి ధనికుల మేడల్లో నేలలు వేసేవారు. వెనిస్‌లో 1582లోనే టెరాజో పనివాళ్ల సంఘం ఏర్పడింది. అందులో ఫ్రియులి వాళ్లది పెద్ద వాటా. 19వ శతాబ్దంలో వాళ్ల వారసులు పారిస్, లండన్, న్యూయార్క్ దాకా వెళ్లారు.

వాళ్లు పని నేర్చుకున్నది పని జరిగే చోటనే. తండ్రి వెనక, మామ వెనక తిరుగుతూ సున్నం కలిపి, రాళ్లు అందించి, చూసి చూసి చేయి తిప్పుకున్నారు. మేస్త్రీ వెనక తిరిగి నేర్చుకున్నవాడికి చేయి తిరుగుతుంది. కానీ గీత రాదు. బొమ్మ ఎవరో గీసి ఇవ్వాలి, ఇతను పేర్చాలి. గీసేవాడికీ పేర్చేవాడికీ మధ్య ఈ దూరం చాలా పాతది. క్రీ.శ. 301లో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ ధరలకూ కూలికీ పరిమితి పెడుతూ ఒక శాసనం వేయించాడు. అందులో బొమ్మను రూపుదిద్దే చిత్రకారుడి రోజు కూలి 150 దీనారాలు. గోడకు రంగులు వేసేవాడికి 75. గోడ మీద మొజాయిక్ పేర్చేవాడికి 60. నేల మీద పేర్చేవాడికి 50. రొట్టె కాల్చేవాడికీ కమ్మరికీ వచ్చేది కూడా ఆ 50 దీనారాలే. వేల ఏళ్లు నిలిచే బొమ్మను మోకాళ్ల మీద వంగి పేర్చినవాడికి దక్కింది అంతే.

స్పిలింబెర్గో బడి చేసిన అసలు మేలు ఈ దూరాన్ని తగ్గించడం. అక్కడ సుత్తి పట్టే విద్యార్థే పెన్సిలూ పడతాడు. చేతి డ్రాయింగ్, రేఖాగణితపు డ్రాయింగ్, రంగుల శాస్త్రం, మొజాయిక్ చరిత్ర, ఈ కాలంలో కంప్యూటర్ గ్రాఫిక్స్, వీటితోపాటు టెరాజో, అన్నిటికీ మించి వర్క్‌షాప్ పని. మొదటి ఏడు గ్రీకు, రోమన్ పద్ధతులు, రెండో ఏడు బైజాంటైన్ పద్ధతి, మూడో ఏడు ఆధునిక మొజాయిక్. చరిత్ర నడిచిన వరసలోనే చేయి కూడా నడుస్తుంది.

మొదటి పాఠం ముక్క కొట్టడం. దానికి రెండు పనిముట్లు. ఒకటి ‘మార్తెల్లీనా’ అనే సుత్తి. రెండు కొసలూ ఉలిలా పదునుగా ఉంటాయి, బరువు కిలోకు కాస్త అటూ ఇటూ. రెండోది ‘తల్యోలో’, నిలువుగా పాతిన ఉలి. చెట్టు మొద్దులో దిగ్గొట్టి ఉంటుంది, పదును పైకి తిరిగి ఉంటుంది. రోమన్ల కాలం నుంచీ ఈ జత పెద్దగా మారలేదు. విద్యార్థి మొద్దు ముందు కూర్చుని, రాతి ముక్కను ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి ఉలి అంచు మీద ఆనిస్తాడు. కుడిచేతి సుత్తి సరిగ్గా ఆ అంచుకు ఎదురుగా పైనుంచి పడాలి. కింది పదునుకూ పై పదునుకూ మధ్య రాయి తనంత తాను విచ్చుకుంటుంది. బలం పెట్టకూడదు. సుత్తిని ఎత్తి వదిలితే దాని బరువే పని చేస్తుంది. వెంట్రుకవాసి పక్కకు పడితే ముక్క ఏటవాలుగా తెగుతుంది. రాయి లేకుండా ఉలి మీద పడితే రెండు పదునులూ పోతాయి.

పలకను ముందు కడ్డీలుగా, కడ్డీని ఘనాలుగా కొడతారు. సెంటీమీటరు ఘనం వరసగా పది కొట్టి పదీ ఒకేలా రావడానికి కొన్ని వారాలు పడుతుంది. పైగా ఒక్కో రాయిది ఒక్కో తీరు. కరారా తెల్ల చలువరాయి పంచదార పలుకుల్లా పొడిపొడిగా విరుగుతుంది. వెరోనా ఎర్రరాయిలో లోపల కనపడని చీలికలుంటాయి, అనుకున్నచోట కాకుండా అక్కడ తెగుతుంది. ఈ తేడా పుస్తకం చెప్పలేదు. సుత్తి దెబ్బకు వచ్చే చప్పుడును బట్టి పట్టుకోవాలి. ముక్కను పైన వెడల్పుగా, కింద కొంచెం సన్నగా కొట్టడం కూడా ఇక్కడే నేర్పుతారు. అలా ఉంటే పైన ముక్కలు దగ్గరగా కూర్చుంటాయి, అడుగున సున్నం చొరబడి గట్టిగా పట్టుకోవడానికి చోటు మిగులుతుంది. కొట్టిన ముక్కల్ని రంగు వారీగా, ఒకే రంగులో ఛాయల వారీగా డబ్బాల్లో వేసుకుంటారు. తెలుపు ఒక రంగు కాదని అప్పుడు తెలుస్తుంది. పాల తెలుపు, బూడిద తెలుపు, పసుపు తగిలిన తెలుపు ఇలా అరడజను డబ్బాలు నిండుతాయి.

ముక్క చేతికి వచ్చాక నేర్పేది నడక. ఇటలీ పనివాళ్లు ముక్కల వరస సాగే తీరును ‘అందమెంతో’ అంటారు. ఆ మాటకు అర్థం నడక అనే. మొజాయిక్‌లో ప్రాణం రాతిలో లేదు, రంగులోనూ లేదు, ఈ నడకలో ఉంది. ఇది పట్టుబడనివాడు ఎంత ఖరీదైన గాజు వాడినా పగిలిన పెంకులు అతికించినట్టే ఉంటుంది. పట్టుబడినవాడు రెండు రంగుల గులకరాళ్లతో పాముకు కదలిక తెస్తాడు. నడక నేర్చుకోవడానికి మార్గం ఒక్కటే, పాత బొమ్మలకు నకలు తీయడం. కళ నేర్చుకునేవాళ్లు నకళ్లతో కాలం వృథా చేయకూడదనీ సొంతంగా చేయాలనీ ఒక మాట వినిపిస్తూ ఉంటుంది. మొజాయిక్ విషయంలో అది పొరపాటు. ఈ ముక్క ఇక్కడే ఎందుకు ఉందో నకలు తీసేటప్పుడే చేతికి అర్థమవుతుంది.

నకలుకు పాఠాలు దగ్గర్లోనే ఉన్నాయి. ఫ్రియులి ప్రాంతంలోనే అక్విలేయా అనే పాత రోమన్ నగరం ఉంది. అక్కడి చర్చిలో 4వ శతాబ్దం తొలినాళ్ల నేల 1909లో పైపొర తీస్తే బయటపడింది. సుమారు 760 చదరపు మీటర్ల మొజాయిక్. బైబిలులోని యోనా కథ, అతణ్ని మింగే సముద్ర జంతువు, చుట్టూ చేపలు, ఆక్టోపస్‌లు, వల వేసే పిల్లలు. ఇందులో ఒక్క చేపను తీసుకున్నా ఒక నెల పాఠం అవుతుంది.

చేప నకలు ఇలా సాగుతుంది. ముందు కన్ను పెడతారు. గుండ్రంగా చెక్కిన ఒక నల్ల ముక్క, దాని చుట్టూ తెల్ల ముక్కలు. ఆ తెల్ల ముక్కలు చతురస్రంగా ఉంటే కుదరవు. ప్రతిదాన్నీ లోపలివైపు సన్నగా, బయటివైపు వెడల్పుగా, బండిచక్రం ముక్కలా కొట్టాలి. తర్వాత వీపు గీత, కడుపు గీత, నల్లటి ఒంటి వరస. ఆ గీత లోపల ఒంటి రంగులు, వీపు దగ్గర ముదురు, కడుపు దగ్గర లేత. అసలు మెళకువ చేప బయట ఉంది. నేపథ్యపు తెల్లరాళ్లను వెంటనే అడ్డవరసల్లో పేర్చరు. ముందు చేప అంచునే పట్టుకుని ఒక తెల్ల వరస, దాని వెనక మరో తెల్ల వరస, తోక దగ్గర మలుపు తిరిగి, రెక్క కింద దూరి, చేప చుట్టూ తిరిగి వస్తాయి. ఆ తర్వాతే అడ్డవరసలు మొదలవుతాయి. ఈ రెండు తెల్ల వరసలూ లేకపోతే చేప నేలకు అతుక్కుపోయినట్టుంటుంది. ఉంటే నీళ్లలో తేలుతుంది. చూసేవాడికి ఆ వరసలు కనపడవు, చేప కదిలినట్టు మాత్రం అనిపిస్తుంది.

వంపు వరస వచ్చి అడ్డవరసను తాకేచోట మూడు మూలల ఖాళీలు పడతాయి. కొత్తవాడు అక్కడ గోటిలో సగం ఉండే రవ్వను ఇరికించి ఊరుకుంటాడు. టీచరు తీసేయమంటారు. రవ్వ పెట్టకూడదు. దాని పక్కనున్న రెండు ముక్కల్నీ లేపి, ఆ ఖాళీని కూడా కలుపుకునేలా వాటినే కొత్తగా కొట్టి పెట్టాలి. నాలుగు ముక్కల మూలలు ఒకేచోట కలిసి కూడిక గుర్తులా కనపడకూడదు, చూపు అక్కడ ఆగిపోతుంది. గోడ కట్టే మేస్త్రీ పై ఇటుక జాయింటును కింది ఇటుక జాయింటు మీద పడనివ్వడు కదా, ఇక్కడా అంతే. ఇక సందులు. ముక్కకూ ముక్కకూ మధ్య సందు మరీ బిగిస్తే వరస కనపడదు, బొమ్మ పెయింటింగులా చదునైపోతుంది. మరీ వదిలేస్తే బొమ్మ విడిపోతుంది. సందు కూడా ఒక గీతే. అది రాతితో కాకుండా ఖాళీతో గీసిన గీత.

ఈ పని ఎంత దూరం పోగలదో చెప్పడానికి నేపుల్స్ మ్యూజియంలోని అలెగ్జాండర్ మొజాయిక్ చాలు. పాంపేలో ఒక పెద్ద ఇంట్లో 1831లో దొరికింది. వెడల్పు 5 మీటర్ల పైన, ఎత్తు 2.7 మీటర్లు, అందులో సుమారు 15 లక్షల ముక్కలున్నాయని లెక్క. ముఖాల దగ్గర ముక్క కందిపప్పు కంటే చిన్నది. ఇంత సన్న పనిలో వరసలు పురుగు పాకినట్టు మెలికలు తిరుగుతాయి కాబట్టి లాటిన్‌లో దానికి ‘వెర్మిక్యులాతుం’ అని పేరు, వెర్మిస్ అంటే పురుగు. వాడిన రంగులు ముఖ్యంగా నాలుగే, తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు, వాటి ఛాయలు. అలెగ్జాండర్ చేతిలో ఓడిన పర్షియా రాజు ముఖంలోని భయం ఆ నాలుగు రంగుల్లోనే పలికింది. మొదటి ఏడు విద్యార్థులకు గాజు ఇవ్వకుండా రాతితోనే కూర్చోబెట్టడంలో ఎంత అర్థముందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

గాజు రెండో ఏడు చేతికొస్తుంది. మొజాయిక్ గాజును స్మాల్తి అంటారు. కొలిమిలో కరిగించిన రంగు గాజును పెద్ద అట్లలా పోసి, నెమ్మదిగా చల్లార్చి, తర్వాత ముక్కలు చేస్తారు. వాడేటప్పుడు అట్టు పైభాగం కాకుండా తెగిన అంచునే పైకి పెడతారు. మెరుపంతా ఆ తెగిన ముఖానిదే. వెనిస్‌లో 1888లో మొదలైన ఓర్సోని కొలిమి ఇప్పటికీ ఇదే పద్ధతిలో గాజు తీస్తోంది. రంగుల సంఖ్య వేలల్లో ఉంటుంది. బంగారు ముక్కలు కూడా అక్కడివే. బంగారమంటే పూత కాదు. కింద మందపాటి గాజు, దాని మీద పల్చని బంగారు రేకు, రేకు మీద ఉల్లిపొరలాంటి మరో గాజు, మూడూ కొలిమిలో కలిసిపోతాయి. అందుకే 1,500 ఏళ్లు గడిచినా ఆ బంగారం నల్లబడదు.

గాజుతోపాటు రవెన్నా నగరం పాఠంలోకి వస్తుంది. అక్కడ 5, 6 శతాబ్దాల కట్టడాలు 8 కలిపి 1996లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. గాల్లా ప్లచీదియా సమాధి మందిరంలో ముదురు నీలం కప్పు నిండా బంగారు నక్షత్రాలు. 547లో ప్రతిష్ఠ జరిగిన సాన్ వితాలే చర్చిలో ఒక గోడ మీద జస్టీనియన్ చక్రవర్తి, ఎదుటి గోడ మీద రాణి థియోడోరా. రాణి నగలకు ముత్యపు చిప్ప ముక్కలు వాడారు. మనుషుల ముఖాలకు మాత్రం గాజుకంటే మెరుపు తక్కువైన రాతి ముక్కల్ని, బట్టల కంటే బాగా చిన్నవిగా కొట్టి పెట్టారు. గాజు చర్మంలా కనపడదని 6వ శతాబ్దపు పనివాడికి తెలుసు.

బైజాంటైన్ పాఠంలో కష్టమైనది, మొదటి ఏడు నేర్చుకున్నదాన్ని మర్చిపోవడం. నేల మొజాయిక్ మీద నడుస్తారు కాబట్టి అది అద్దంలా సమంగా ఉండాలి. గోడ మీద ఆ అవసరం లేదు, సమంగా ఉంటే నష్టం కూడా. ముక్కలన్నీ ఒకే తలంలో ఉంటే వెలుగు అంతటినుంచీ ఒకేవైపు కొట్టి, ఒకచోట కళ్లు చెదిరి, మిగతాచోట నల్లగా కనిపిస్తుంది. అందుకని పాతవాళ్లు ముక్కను పచ్చి సున్నంలో కాస్త అటూ ఇటూ వాల్చి గుచ్చారు. బంగారు ముక్కల్ని చాలాచోట్ల కింద నిలబడ్డ మనిషివైపు వాల్చారు. దీపం వెలుగులో మనిషి ఒక అడుగు వేస్తే గోడ మీద వెలుగూ జరుగుతుంది. విద్యార్థి ముక్కను వేలితో నొక్కి, లేచి నాలుగడుగులు వెనక్కి నడిచి చూసి, మళ్లీ వచ్చి దాని వాలు మార్చడం వర్క్‌షాపులో రోజంతా సాగుతుంది. స్మాల్తి ముక్కల మధ్య సందులో బయటినుంచి సిమెంటు పూయరు. ముక్క గుచ్చినప్పుడు పైకి ఉబికిన సున్నమే సందును నింపుతుంది.

ఇలా పచ్చి సున్నంలో ముక్కను నేరుగా గుచ్చడం సూటి పద్ధతి. చూసింది చూసినట్టు వస్తుంది, తప్పు అక్కడే దిద్దుకోవచ్చు. కానీ పనంతా గోడ దగ్గరే, కప్పు కింద పరంజా మీద నిలబడి చేయాలి. దీనికి మరో దారి చూపినవాడు స్పిలింబెర్గో పక్క ఊరు సెక్వాల్స్‌లో 1826లో పుట్టిన జాన్ దొమెనికో ఫక్కీనా. దక్షిణ ఫ్రాన్స్‌లో పాత రోమన్ నేలల్ని పాడవకుండా పెకలించే పని చేస్తూ వచ్చాడు. నేల మీద జిగురుతో కాగితమో బట్టో అంటించి, ఆరాక మొత్తంగా లేపితే ముక్కలన్నీ దానికి అంటుకుని వచ్చేస్తాయి. పాతదాన్ని లేపడానికి పనికొచ్చిన ఈ కిటుకు కొత్తదాన్ని పెట్టడానికీ పనికొస్తుందని అతను గ్రహించాడు. బొమ్మను కాగితం మీద కుడిఎడమలు మార్చి గీసి, ముక్కల్ని ముఖం కిందకి ఉండేలా నీళ్లలో కరిగే జిగురుతో అంటించి, కాగితాన్ని భాగాలుగా కోసి, అంకెలు వేసి, పెట్టెల్లో పంపిస్తే, అక్కడ గోడకు సిమెంటు పూసి ఈ భాగాల్ని అతికించి, కాగితాన్ని తడిపి ఒలిచేస్తే చాలు. 1875లో తెరిచిన పారిస్ ఒపేరా భవనంలో మొజాయిక్ కప్పు ఈ పద్ధతి వల్లే అనుకున్న ఖర్చులో పూర్తయింది. ఆ తర్వాత ఫ్రియులి పనివాళ్లకు ఐరోపా అంతటా గిరాకీ పెరిగింది.

తరగతిలో ఈ తిరగేసిన పద్ధతి నేర్పేటప్పుడు అందరూ చేసే తప్పు అక్షరాల దగ్గర జరుగుతుంది. పేరు మామూలుగా రాసి పేర్చేస్తారు, కాగితం ఒలిచాక అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. జిగురుకు మైదా ఉడికించిన లై చాలు, సినిమా పోస్టర్లు అంటించేదే. ఈ పద్ధతిలో పోయేది కూడా ఉంది. ముఖాలన్నీ కాగితానికి ఆని ఉంటాయి కాబట్టి పై తలం బల్లపరుపుగా వస్తుంది, ముక్కను వాల్చడానికి వీలుండదు. పేర్చేవాడికి వీపులు తప్ప ముఖాలు కనపడవు. అందుకే నేలలకూ, దూరంగా ఉండే పెద్ద పనులకూ ఇది మేలు. దగ్గరగా చూసే గోడ బొమ్మకు సూటి పద్ధతే మేలు.

పెద్ద పనికి ఒక ఉదాహరణ వాషింగ్టన్‌లోని మేరీమాత జాతీయ చర్చి. దాని నడి గుమ్మటం మొజాయిక్ 2017లో పూర్తయింది. 1.4 కోట్లకు పైగా గాజు ముక్కలు, 24 టన్నుల బరువు. అదంతా స్పిలింబెర్గోలోని ఒక వర్క్‌షాపులో కాగితాల మీద తయారై, 30,000 భాగాలుగా సముద్రం దాటి వెళ్లింది.

రవెన్నా వర్క్‌షాపుల్లో మూడో దారి ఒకటుంది. చెక్క చట్రంలో తడి సున్నం ముద్ద పరిచి, ట్రేసింగ్ కాగితం మీది సిరా గీతను దాని మీదకు దింపి, ముక్కల్ని ముఖం పైకి ఉండేలా గుచ్చుతారు. సున్నం త్వరగా గట్టిపడదు, తడిగుడ్డ కప్పి ఉంచితే వారాల తరబడి దిద్దుకోవచ్చు. అంతా నచ్చాక పైన పల్చటి గుడ్డను జిగురుతో అంటించి, ఆరాక తిరగేసి, వెనక ఉన్న సున్నాన్ని గీకి తీసేసి, అక్కడ సిమెంటు పోస్తారు. అది గట్టిపడ్డాక మళ్లీ తిప్పి, వేడినీళ్లతో గుడ్డ ఊడదీస్తారు. రెండుసార్లు తిప్పడం వల్ల బొమ్మ సూటిగానే మిగులుతుంది, ముక్కల వాలు కూడా చెదరదు. శ్రమ రెట్టింపు. నేర్చుకునేవాళ్లకు మాత్రం ఇంతకంటే ఓర్పుగల గురువు లేదు. సున్నం తప్పును క్షమిస్తుంది, సిమెంటు క్షమించదు.

తిరగేసి పేర్చే ఆలోచన ఒక్క ఐరోపాదే కాదు. ఇరాన్ టైల్ పనివాళ్లు ఎన్నో వందల ఏళ్లుగా రంగు టైళ్లను ఆకు ఆకారంలో, పువ్వు ఆకారంలో కత్తిరించి, ముఖం కిందకి పరిచి, వెనక గచ్చు పోసి పలకలుగా లేపి గోడలకు నిలబెడుతున్నారు. ఆ కుదురుకు చెందిన పని హైదరాబాద్‌లోనే చూడవచ్చు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన బాద్షాహీ ఆషుర్‌ఖానా గోడల మీద 1611 నాటి టైల్ మొజాయిక్ ఉంది. పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు టైలు ముక్కలతో పెద్ద పెద్ద ఆలం, అంటే మొహర్రం పీరు, ఆకారాలు. రోమన్ పనిలో ఒక ఆకుకు పాతిక చిన్న ఘనాలు కావాలి, ఇక్కడ ఒక ఆకు ఒకే ముక్క. సందు దాదాపు కనపడదు, నడకంతా ముక్క అంచులోనే ఉంటుంది. మొజాయిక్ నేర్చుకునే తెలుగువాళ్లు ఇటలీ వెళ్లే ముందు చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఈ గోడ ముందు ఒక పూట నిలబడాలి.

మూడో ఏడు సొంత పనికి కేటాయించిన సంవత్సరం. రాయి, గాజు, గులకరాయి, లోహం ఏదైనా వాడవచ్చు. ముక్కలు ఒకే కొలతలో ఉండాలన్న నియమం సడలుతుంది. చదును తలం వదిలి గుండ్రటి ఆకారాల మీద కూడా పేరుస్తారు. ఇతర చిత్రకారుల బొమ్మను మొజాయిక్‌లోకి మార్చడం కూడా ఇందులో భాగమే. 1930లలో రోమ్‌లో కట్టిన క్రీడా ప్రాంగణం ‘ఫోరో ఇతాలికో’ నేలల్ని జీనో సెవెరీని వంటి చిత్రకారుల గీతలకు ఈ బడే పేర్చింది. న్యూయార్క్‌లో కూలిన వర్ల్డ్ ట్రేడ్ సెంటర్ చోట తిరిగి తెరిచిన రైలు స్టేషన్‌కు 2004లో జూలియో కందుస్సియో గీసిన మెరుపు ఆకారపు మొజాయిక్‌ను తయారుచేసిందీ ఈ బడే. మూడేళ్లయ్యాక మొజాయిక్ మాస్టర్ పట్టా వస్తుంది. బాగా చేసినవాళ్లు మరికొంత కాలం ఉండి పై మెళకువలు నేర్చుకుంటారు.

మూడేళ్లు పెట్టలేనివాళ్లకు వారం రోజుల చిన్న కోర్సులున్నాయి. స్పిలింబెర్గోలో, రవెన్నాలో మాత్రమే కాదు, చాలా దేశాల నగరాల్లో నడుస్తున్నాయి. వారంలో చేయి తిరగదు. అడుగు పొడవున్న పలక మీద ఒక చేపో ఆకో పూర్తవుతుంది, కన్ను మాత్రం మారుతుంది. అలాంటి తరగతుల్లో సుత్తికి బదులు చక్రాల కటింగ్ ప్లేయర్ ఇస్తారు. రెండు చిన్న చక్రాల మధ్య గాజును నొక్కితే తెగుతుంది. గాజుకు అది హాయి, రాతికి చాలదు. మంచి తరగతిని గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది. మొదటి రోజే బొమ్మ మొదలుపెట్టిస్తే అనుమానించాలి. మొదటి రోజంతా ముక్కలు కొట్టించి, రెండు వంపు వరసలు పేర్పించి, విప్పించి మళ్లీ పేర్పిస్తే నమ్మవచ్చు.

ఇంట్లో సాధన చేసేవాళ్లు టైల్స్ కొట్టులో మిగిలిన విరుగు ముక్కలతోనే మొదలుపెట్టవచ్చు. తాండూరు, బేతంచెర్ల, కడప రాళ్ల ముక్కలు కూడా పనికొస్తాయి. నలుపు, పసుపు, బూడిద రంగులు వాటిలోనే దొరుకుతాయి. అయితే అవి పొరలుగా విడిపోయే రాళ్లు కాబట్టి పొరకు అడ్డంగా కొట్టాలి. ఆరుబయట పెట్టేదాన్ని ప్లైవుడ్ మీద చేయకూడదు. చెమ్మకు చెక్క ఉబ్బి ముక్కలు రాలిపోతాయి. సిమెంటు పలక మేలు. కళ్లద్దాలు లేకుండా ఒక్క ముక్క కూడా కొట్టకూడదు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు, అందుకని మాస్కు పెట్టుకోవాలి, నేలను పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. చివర సందుల్లో పూసే గ్రౌటు రంగు విషయంలో చాలామంది తొందరపడతారు. వైట్ సిమెంటు చేతికందింది కదా అని పూసేస్తే ముదురు బొమ్మ మీద సందులే వలలా పైకి తేలతాయి. ముక్కల రంగుకు దగ్గరగా, కాస్త ముదురుగా ఉన్న బూడిదరంగు అయితే బొమ్మ ఒక్కటిగా నిలుస్తుంది. పూశాక పూర్తిగా గట్టిపడకముందే తడి స్పాంజితో తుడవాలి.

పాత మొజాయిక్‌ల మరమ్మతు వేరే చదువు. రవెన్నాకు అందులో పేరుంది. మరమ్మతు నేర్చుకునేవాళ్లకూ ముక్క కొట్టడం, వరస పేర్చడం, నకలు తీయడం రావాలి. అవి రాకపోతే పాత పనివాడు ఏం చేశాడో తెలియదు. కానీ పాత నేలలో రాళ్లు ఊడిపోయి ఖాళీ కనిపించినప్పుడు, అక్కడ ఏ ముక్క ఏ వాలులో ఉండేదో ఊహించగలిగినా, పాతదే అని భ్రమపడేలా దాన్ని నింపరు. చుట్టూ ఉన్న రంగుకు నప్పే సాదా గచ్చు వేసి, చుట్టుపక్కల రాళ్లు ఇంక కదలకుండా అంచులు కడతారు. మరీ అవసరమై ముక్కలు పెట్టినా, ఏది పాతదో ఏది కొత్తదో దగ్గరికి వెళ్లి చూసినవాడికి తెలిసేలా పెడతారు.